విశాఖ నుంచి రేటు వచ్చేదాకా

రేటు విశాఖపట్నం నుంచి రావాలి, పదకొండు కొడితే గాని రాదు, అంతవరకూ అలా కూచోండమ్మా అన్నాడు బ్యాంకు ఆఫీసరు మన్మథరావు. మగ్దలీన కూచుంది, కూచుని చేతిసంచీ ఒళ్లో పెట్టుకుంది. సంచీలో గోధుమరంగు కవరు, కవరులో తొమ్మిది వేల పౌన్ల డిపాజిట్ కాగితం, కాగితం మీద ఇద్దరి పేర్లు, తన పేరూ, పక్కనే బెంచీ మీద కూచున్న తన భర్త సైలస్ పేరూ. అవి అక్కడే ఉన్నాయో లేదోనని ఇంటి దగ్గర బయల్దేరినప్పటినుంచి చూడటం ఇది అయిదోసారి. ఉన్నాయి. ఎందుకుండవు? కాశీబుగ్గ మూడు రోడ్ల దగ్గర ఆటో దిగినప్పుడు కూడా ఉన్నాయి కదా. గోడ గడియారంలో పదీ పది. ఇంకా యాభై నిమిషాలు. ఎవరైనా తలుపు తోసుకుని వచ్చినప్పుడల్లా వీధిలోంచి జీడిపిక్కలు కాలుస్తున్న వాసన లోపలికొచ్చి గొంతులో కూచుంటోంది, ఇంగ్లండులో ఉన్న ముప్ఫై నాలుగేళ్లూ ఈ వాసన ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుందామంటే వచ్చేది కాదు, ఇప్పుడేమో ఇంగ్లండు వాసన గుర్తు రావడం లేదు, ఫినాయిలూ తడిసిన ఉన్ని కోటూ, అంతే, మిగతాదంతా ఎక్కడికి పోయిందో. ఈవేళ శుక్రవారం. సోమవారం పొద్దున్నకల్లా విశాఖలో ఆసుపత్రివాళ్లకి నాలుగున్నర లక్షలు కట్టాలి, కడితే గురువారం తమ్ముడు లూకాకి ఆపరేషను, లూకా భార్య సుహాసిని కిడ్నీ ఒకటి తీసి లూకాకి పెడతారు. కట్టకపోతే ఆ తేదీ ఇంకెవరికో ఇచ్చేస్తారు, మళ్లీ తేదీ ఎప్పుడో వాళ్లకే తెలీదు. ఇంతే విషయం. పౌన్లు ఇచ్చి రూపాయలు తీసుకోవడం, ఎంత తేలిక. కాని పోయిన జూలైలో పౌను ఎనభై అయిదు రూపాయలు, నిన్న రాత్రి టీవీలో అరవై ఏడు. ఆరు నెలలు. లక్షా అరవై వేలు ఎవరో వచ్చి ఎత్తుకుపోయినట్టు కూడా కాదు, ఎత్తుకుపోతే పోలీసులకి చెప్పొచ్చు, తాళం వేసిన పెట్టె వేసినట్టే ఉంది, పెట్టెలో తొమ్మిది వేలూ తొమ్మిది వేలే ఉన్నాయి, మరి పోయింది ఏది?

ఇంకొన్నాళ్లు ఆగితే? ఆగితే లేస్తుందేమో, సైలస్ అదే అంటాడు, అనేవాడు, అక్టోబరు నుంచి రోజూ అదే మాట, పౌను పడటం అంటే ఏటో తెలుసా లీనా, నీళ్లలో బంతి మునగడం, ఎంతసేపు మునుగుతాది అది. సైలస్‌కి లెక్కలు తెలుసు. లెస్టరు బస్సు డిపోలో డబ్బు లెక్కపెట్టే గదిలో ఇరవై రెండేళ్లు పని చేశాడు, నాణేలు చెవి దగ్గర ఆడించి సంచీలో ఎన్ని ఉన్నాయో చెప్పేవాడు, తోటి తెల్లవాళ్లు పందేలు కాసేవాళ్లు. తను నర్సు. తనకు తెలిసిన లెక్కలు నాడి, జ్వరం, గంటకి ఎన్ని చుక్కలు, అంతవరకే. జీతం తెచ్చి ఆయన చేతిలో పెట్టేది, ఆయన ఏం చేశాడో అడగలేదు, అడగవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. అయినా ఆ ఇంట్లో రోజులన్నీ రేటు మీదే నడిచాయి. వెళ్లిన కొత్తలో పౌను పద్దెనిమిది రూపాయలు, టెక్కలిలో అమ్మకి మందులు పంపిన ఏడు. నాన్న పోయినప్పుడు పదహారు. తొంభై ఒకటిలో ఒక్క వారంలో రూపాయి దబ్బున పడి పౌను నలభై దాటినప్పుడు సైలస్ వంటింట్లోకి పరుగున వచ్చాడు, ఇద్దరూ టేబులు దగ్గర నిలబడి స్తోత్రం చెప్పుకున్నారు, ఆ డబ్బుతోనే ఊళ్లో ప్రార్థన మందిరానికి రేకులు తీసి శ్లాబు వేయించారు. రూపాయి పడిందని స్తోత్రం. అప్పుడు ఇక్కడివాళ్లకి ఏమైందో, కిరసనాయిలు ఎంతైందో, ఆ చలిలో ఆ వంటింట్లో ఎవరికి తట్టింది? ఇప్పుడు పౌను పడితే లెస్టరులో ఎవరైనా స్తోత్రం చెప్పుకుంటున్నారా? చెప్పుకోరు, వాళ్లకీ ఏదో పోయింది, అందరికీ పోయింది అంటున్నారు, అందరికీ పోతే అది ఎవరి దగ్గరికి చేరిందో ఏ చానెలువాడూ చెప్పడు.

"ఏటి మావా, పడిపోగల్రు, ఇలగ జరగండి," అంటూ బెంచీ చివర ఒకామె కూచుంది, సైలస్ జరిగాడు, మగ్దలీన జరిగింది. ఆమె దగ్గర సముద్రం వాసన, చేపల వాసన కూడా కాదు, ఉప్పుగాలికి ఆరిన బట్టల వాసన. పేరు దేముడమ్మట, సముద్రం ఒడ్డు ఊరట, వలకి లోను తీసుకున్నారట, అడక్కుండానే చెప్పింది. తర్వాత అడిగింది, "మీరెందుకొచ్చినారమ్మా?"

"రేటు కోసం."

"ఏటి రేటు? సేపలదా?"

మగ్దలీనకి నవ్వొచ్చింది, ఎన్ని రోజులైందో నవ్వి. "పౌన్లని. సీమ డబ్బులు. విశాఖ నుంచి ఫోన్లో చెప్తారట."

"మాదీ అంతేనమ్మా. సేప మాది, రేటు ఫోన్లో వత్తాది. ఎవుడు సెప్తాడో తెల్దు, ఎక్కడ కూకుంటాడో తెల్దు. పొద్దున్న ఒకటి సెప్తాడు, పడవ ఒడ్డుకొచ్చీసరికి ఇంకోటి సెప్తాడు. రేటు బాగునేదని సేపని ఇంటికి పట్టుకుపోతామేటి, ఇచ్చీడమే."

"ఇచ్చేస్తే తర్వాత రేటు పెరిగితే?"

"పెరిగితే పెరుగుతాది," అంది దేముడమ్మ, చెంగుతో మెడ తుడుచుకుంటూ, ఆ ప్రశ్నలో ఏముందో అర్థం కానట్టు.

పెరిగితే పెరుగుతుంది. అలా అనగలగాలి. సైలస్ వినలేదు ఆ మాట, లేక విన్నాడేమో, ఆయన చూపు కౌంటరు మీద ఎర్ర అంకెలు మారే పెట్టె మీద ఉంది, నలభై మూడు, నలభై నాలుగు, పెదవులు కదుపుతున్నాడు, ఆ అంకెలు టోకెన్లని తెలుసా, రేటు అనుకుంటున్నాడా? అడగాలనుంది, అడిగితే ఏం చెప్తాడో అని భయం. అమెరికాలో ఎవరో ఇళ్లకి అప్పులు తీసుకుని వాయిదాలు కట్టలేదట, దానివల్ల ఒక పెద్ద బ్యాంకు పోయిందట, దానివల్ల ఇంకోటి, దానివల్ల లండన్లో, దానివల్ల తాము ఇంగ్లండులో షేర్ల ఫండులో ఉంచినది సగానికి పడింది, దానివల్ల పౌను, దానివల్ల జలంత్రకోటలో లూకా. మగ్దలీన ఈ తాడు చివరదాకా ఎన్నిసార్లు పట్టుకుని వెళ్లినా మధ్యలో ఎక్కడో చెయ్యి జారిపోతుంది. తను చూడని ఊళ్లో, తను చూడని ఇంట్లో, ఎవరో ఒక మనిషి, బహుశా ఆమె కూడా నర్సే అయి ఉంటుంది, వాయిదా కట్టలేక తాళంచెవి ఇచ్చేసి మెట్లు దిగిపోతోంది, ఆమె మెట్లు దిగుతుంటే ఇక్కడ విశాఖలో డయాలిసిస్ మిషను మీద లూకా రక్తం తిరుగుతోంది. లూకాకి జబ్బు ఎందుకొచ్చిందో మాత్రం ఎవరికి తెలుసు? ఉద్దానంలో కొబ్బరితోటలూ జీడితోటలూ, నీడ, చల్లటి నుయ్యి, ఇంత పచ్చగా ఉన్న నేల మీద ఇంటికొకడు కాళ్లు వాచి పడుకున్నాడు. డాక్టర్లు వచ్చారు, నీళ్లు పట్టుకెళ్లారు, మట్టి పట్టుకెళ్లారు, రక్తం పట్టుకెళ్లారు. నీటివల్లన్నారు ఒకరు, మందులు జల్లడంవల్లన్నారు ఒకరు, తెలియదన్నారు ఇంకొకరు, ఆ మూడోవాడే నిజం చెప్పాడని తనకు అనిపించింది. నర్సుగా అన్నేళ్లు పని చేసి కూడా తమ్ముడికి చెప్పగలిగింది ఒకటే, ఉప్పు తగ్గించరా. వాడు మంగళవారం, శుక్రవారం, వారానికి రెండుసార్లు చీకటితోనే రైలెక్కి విశాఖ పోతాడు, నాలుగు గంటలు మిషను, రాత్రికి ఇంటికి. ఈవేళా పోయాడు. ఈపాటికి మంచం మీద ఉంటాడు. సుహాసిని పక్కన స్టూలు మీద కూచుని బత్తాయి వొలుస్తూ, తనకి తినే వీల్లేదని వాడు, నాకేలే అని ఆమె. ఆమెకి నలభై ఆరు. ఇస్తానంది, అంతే, పరీక్షలు అయ్యాయి, సరిపోయింది, ఆ రోజు ఆమె ఫోన్లో నవ్వింది, వొదినా, మీ తమ్ముడు ఎప్పుడూ నీదీ నాదీ కలవదనేవోడు, కలిసినాదట సూడు.

సైలస్ జేబులోంచి నోటుపుస్తకం తీశాడు. తెరవకుండా ఒళ్లో పెట్టుకున్నాడు. చిన్న నీలంరంగు పుస్తకం, రోజుకొక గీత, తేదీ, రేటు, నాలుగేళ్ల నుంచి, ఇక్కడికి వచ్చి పలాస నుంచి వజ్రపుకొత్తూరు పోయే రోడ్డులో ఇల్లు కట్టుకున్న దగ్గర్నుంచి ఒక్కరోజు తప్పలేదు, ముందు పేపరు చూసి, తర్వాత టీవీలో కింద పరిగెత్తే అక్షరాలు చూసి రాసేవాడు. నవంబరులో ఒక మధ్యాహ్నం ఆయన పడుకుంటే కళ్లజోడు కోసం వెతుకుతూ పుస్తకం తెరిచింది. ఎనభై రెండు నలభై. కింద ఎనభై రెండు నలభై. దాని కింద ఎనభై రెండు నలభై. పదకొండు రోజులు, పదకొండు గీతలు, అదే అంకె, అదే గుండ్రటి చేతిరాత. అప్పటికి టీవీలో డెబ్బై నాలుగు. ముందు కోపం వచ్చింది, మొండితనం అనుకుంది, పడిందని రాయడానికి చెయ్యి రాలేదు ఈ మనిషికి అనుకుంది. ఆ కోపం రెండు రోజులు హాయిగా ఉంది, కోపంగా ఉన్నంతసేపు ఇంకేదీ అనుకోనక్కరలేదు. మూడో రోజు చర్చిలో పాస్టరుగారు ప్రార్థన చెయ్యమంటే లేచి చేసి కూచున్నాడు, కూచుని ఒక నిమిషం తర్వాత మళ్లీ లేచి అదే ప్రార్థన అదే మాటల్తో మొదలుపెట్టాడు, అందరూ భక్తి అనుకున్నారు. తను అనుకోలేదు. లెస్టరులో పదహారేళ్లు పెద్దవాళ్ల వార్డులో చేసింది తను, మతిమరుపు జబ్బేమో చూడ్డానికి కాగితమూ పెన్సిలూ ఇచ్చి గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించండి అని ఎంతమందిని అడిగింది, మూడు వందలా, నాలుగు వందలా, అంకెలన్నీ ఒకవైపే పోగేసేవాళ్లు కొందరు, గీయకుండా తన ముఖంలోకి చూసి మర్యాదగా నవ్వేవాళ్లు కొందరు. సైలస్‌ని అడగలేదు. కాగితం ఉంది ఇంట్లో, పెన్సిలూ ఉంది. అడగలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా, లూకాకి వాడి బాధ వాడిది, ఊళ్లోవాళ్లకి చెబితే ఆదివారం కల్లా జాలిగా పలకరించడానికి వస్తారు. మంచి రోజులూ ఉన్నాయి, మొన్న మొన్నటిదాకా బాగానే, నిన్న పొద్దున్న పాలవాడితో పావుగంట సుబ్బరంగా మాట్లాడాడు. సంజవేళ అడిగాడు, బస్సు పాసు ఎక్కడ పెట్టేవు లీనా? ఎప్పుడో లెస్టరులో ఉన్నప్పటి పాసు.

కాబట్టి ఆగడం అంటే ఏమిటి? పౌను కోసం ఆగడమా? ఆ ఒక్క మాటకి తనకి రెండు అర్థాలు కనిపిస్తున్నాయి, ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి. పౌను బాగుపడొచ్చు, రేపో, వేసవికో. మరి ఈయన? డిపాజిట్ ఇద్దరి పేర్న ఉంది, గడువుకి ముందే విరగ్గొట్టాలంటే ఇద్దరూ సంతకం పెట్టాలి, సంతకం బ్యాంకు దగ్గరున్న కార్డు మీద సంతకంలా ఉండాలి. అది పెట్టగలడా ఈవేళ? పొద్దున్న నుంచి అదే. పెట్టమంటే ఎందుకు అంటాడు, ఇప్పుడు పౌన్లు అమ్మను అంటాడు, పౌను లేస్తాది అంటాడు, అందరిముందూ గొడవ, లేకపోతే కలం పట్టుకుని ముఖంలోకి చూసి మర్యాదగా నవ్వుతాడు. ఏది మేలు? పోలారావుగారిలా ఉంటే బాగుండేది, వీధి చివర రిటైరు మేష్టారు, పెన్షను రూపాయల్లో వస్తుంది, రూపాయల్లో ఖర్చవుతుంది, ఒకటో తారీఖు వచ్చి ముప్ఫయ్యో తారీఖుకి అయిపోతుంది, లోకంలో ఎవరు వాయిదా కట్టినా కట్టకపోయినా. తమకేమో పెన్షను అక్కణ్నుంచి రావాలి, ఇండియాలో ఉండేవాళ్లకి ఏటా పెంచరు, రిటైరైన రోజున ఎంతో అంతే, చచ్చేదాకా అంతే. పాసుపోర్టులు అక్కడివి, పుట్టుక ఇక్కడిది. ఈ బ్యాంకులోనే ఒక ఫారంలో పరదేశమా స్వదేశమా అని రెండు గళ్లు, ఏది టిక్కు పెట్టాలో తెలీక ఆయన వైపు చూసింది అప్పట్లో, ఆయన ఠక్కున పెట్టాడు, ఏది పెట్టాడో ఇప్పుడు గుర్తులేదు. వేరే దేశంలో బతకడానికి వెళ్లినవాళ్లే కదా తాము, ఎప్పుడు తిరిగొచ్చారు, నిజంగా వచ్చారా? డబ్బు రాలేదు. డబ్బంతా అక్కడి భాషలోనే ఉంది. రోజూ పొద్దున్నే దాన్ని రూపాయల్లోకి తర్జుమా చేసుకుని బతుకుతున్నారు, ఆ తర్జుమా చేసే మనిషి ఇప్పుడు మాటలు మరిచిపోతున్నాడు.

కరెంటు పోయింది. ఫ్యాన్లు నెమ్మదించాయి, ఎర్ర అంకెలు ఆరిపోయాయి, ఎక్కడో జనరేటరు గుర్రుమని మొదలైంది. సైలస్ తన మోచెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి వెచ్చగా ఉంది, పెద్ద చెయ్యి, లెస్టరులో మొదటి చలికాలం బస్టాపులో ఆ చెయ్యే తన రెండు చేతుల్నీ కలిపి మూసేది, పిల్లలు లేరు, పుట్టలేదు, డాక్టరు చెప్పిన రోజున కూడా ఇదే చెయ్యి, ఏమీ అనలేదు, ఇంటికొచ్చి పప్పు వండాడు, ఉప్పు వెయ్యడం మరిచిపోయాడు, ఇద్దరూ తిన్నారు. "మన నంబరు పిలిచినారా?" అన్నాడు. లేదంది. "పిలుత్తారులే," అన్నాడు తనని ఓదారుస్తున్నట్టు. దేముడమ్మ లేచి కౌంటరు దగ్గరికి పోయింది. గోడ గడియారం బ్యాటరీది కాబట్టి నడుస్తూనే ఉంది, పదకొండూ పది. సరిగ్గా ఆ వేళ. మగ్దలీన చూపు తిప్పుకుంది.

"సైలస్ గారూ, మేడమ్ గారూ, రండి," అని పిలిచాడు మన్మథరావు. ఆయన బల్ల ముందు రెండు కుర్చీలు, బల్ల మీద రెండు ఫోన్లు, గాజుపలక కింద పిల్లల ఫోటోలు. "రేటొచ్చిందమ్మా. అరవై ఆరు డెబ్బై." చీటీ తిప్పి చూపించాడు. అరవై ఏడు కూడా కాదు. నిన్నటికన్నా ఇంకా ముప్ఫై పైసలు తక్కువ. తొమ్మిది వేలకి ఎంత, రెండు వేల ఏడొందలు, సుహాసిని రైలు చార్జీలు ఎన్ని నెలలకి సరిపోయేవి, ఎందుకు ఇప్పుడు ఈ లెక్కలన్నీ తనకి వస్తున్నాయి. మొత్తం ఆరు లక్షల మూడొందలు, ముందుగా విరగ్గొడుతున్నందుకు వడ్డీలో కోత ఉంటుంది అంటున్నాడు మన్మథరావు, ఎవరి సొమ్మో అన్నట్టు కాదు, నిజంగా బాధపడుతూనే. "కష్టకాలంలో వచ్చారమ్మా. తమ్ముడుగారి ఆపరేషను కాకపోతే నేనే వద్దనేవాణ్ని."

అప్పుడు సైలస్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. గొంతు సవరించుకున్నాడు. డిపో గదిలో అధికారులతో మాట్లాడేటప్పుడు ఉండే గొంతు అది, మగ్దలీన విని ఎన్ని నెలలైందో.

"డిపాజిట్టు ఎందుకు ఇరగ్గొట్టడం? దాని మీద లోన్ ఇత్తారు కదా మీరు. ముప్పాతిక వొంతు ఇత్తారు. మీరు నాకిచ్చే వడ్డీ మీద ఒకటో రెండో ఎక్కువ తీసుకుంటారు, అంతే కదా. పౌను ఇలగే ఉండిపోదు. లేచిన్రోజున ఇరగ్గొట్టి మీ బాకీ మీకు తీర్చేత్తాం."

మన్మథరావు ముఖం విప్పారింది. "కరెక్టు సార్. మీ లాంటి కస్టమర్లుంటే మాకు చెప్పే పని లేదు. నాలుగున్నర దాకా వస్తుంది, సరిగ్గా సరిపోతుంది."

మగ్దలీనకి కళ్లు మసకబారాయి. ఉన్నాడు. ఎక్కడికీ పోలేదు. తను నవంబరు నుంచి ఒంటరిగా కూచుని కట్టుకున్నదంతా వట్టి భయం, వార్డులో అన్నేళ్లు చేసినదానికి ప్రతి నీడా జబ్బులాగే కనిపిస్తుంది, మనిషి దిగులుపడ్డాడు, డబ్బు పోతుంటే దిగులుపడ్డాడు, ఎవరైనా పడతారు, దిగులుకి మతిమరుపు రాదూ? ఎంత ముచ్చటగా చెప్పాడు, ఒకటో రెండో ఎక్కువ, అంతే కదా అని. లూకా ఆపరేషనూ అవుతుంది, పౌన్లూ ఉంటాయి. ఇంటికి వెళ్లి చేపల పులుసు పెడతాను అనుకుంది, ఎక్కడిదో ఆ ఆలోచన, దేముడమ్మ దగ్గర్నుంచి వచ్చిందేమో.

మన్మథరావు సొరుగులోంచి కొత్త ఫారం తీసి, కలం మూత తీశాడు. "ఏ అవసరానికి అని రాయమంటారు సార్? కాలమ్ ఉంటుంది దీన్లో."

"సదువుకి," అన్నాడు సైలస్. "మా బావమరిది లూకా. పాలిటెక్నిక్‌లో సీటొచ్చినాది వాడికి. ఫీజు కట్టాలి."

కలం కాగితం మీద ఆనలేదు.  లూకాకి యాభై రెండేళ్లు. పాలిటెక్నిక్ సీటు వచ్చింది డెబ్బై ఆరులో, పౌను పదహారు రూపాయలున్నప్పుడు, లెస్టరులో అద్దె గదిలో ఈ మనిషే మంచం మీద చిల్లర పరుచుకుని లెక్కపెట్టి, మన కోట్లు వచ్చే ఏడు కొనుక్కుందాం లీనా అన్నాడు. ఆయన అక్కడ ఉన్నాడు ఇప్పుడు. లోన్ గురించి చెప్పింది ఈ ఏటి మనిషి, కారణం చెప్పింది ఆ ఏటి మనిషి, ఇద్దరూ ఒకే చొక్కాలో. మన్మథరావు తనవైపు చూశాడు, పొద్దున్న తను చెప్పింది ఆయనకి గుర్తుంది, తమ్ముడు, కిడ్నీ, విశాఖ. మంచివాడు, కళ్లు దించుకున్నాడు. దించుకుని, ఫారం అంచులు సర్దుతూ, ఎవరితోనూ కానట్టు రూలు చదువుతున్నట్టు చెప్పాడు. "లోన్ అయితే ఇద్దరూ సంతకాలు పెట్టాలమ్మా. ఏడాదికోసారి రెన్యూవల్‌కి కూడా ఇద్దరూ రావాలి, తీర్చి డిపాజిట్ తీసుకునేటప్పుడు మళ్లీ ఇద్దరూ. విరగ్గొడితే ఇదొక్కసారే. రూపాయల ఖాతాలోకి వెళ్లిపోతుంది, దాన్లో మీ ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా చాలు."

ఏడాదికోసారి. వచ్చే జనవరి. మగ్దలీనకి వచ్చే జనవరి తెలుసు, దాని తర్వాతి జనవరి ఇంకా బాగా తెలుసు, వార్డులో వరసగా మంచాల మీద చూసింది వాటిని. పౌను లేచేవేళకి ఈ చెయ్యి ఎక్కడుంటుంది, కలం ఇస్తే ఏం చేయాలో తెలుస్తుందా? ఆయన మాటే సరైన మాట, లక్ష రూపాయలు మిగిలే మాట, ఆ మాట వినాలంటే ఆయన బాగుండాలి. టీవీలో కోట్లు తొడుక్కున్నవాళ్లు ఇన్ని రకాల నష్టాలు చెప్పారు, ఈ నష్టం ఒక్కడూ చెప్పలేదు. మరి ఇప్పుడు ఆయన చేత సంతకం ఎలా పెట్టించడం? ఆపరేషనుకి ముందు కాగితం మీద సంతకం తీసుకునేటప్పుడు దేనికి పెడుతున్నాడో రోగికి తెలియాలి, తెలియకుండా తీసుకున్నాడని ఒక పెద్ద డాక్టరు మీద పైకి రాసింది తను, నలుగురు నర్సుల్లో తనొక్కతే రాసింది, ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. అదే పని ఇప్పుడు తను. నిజం చెప్పొచ్చు, చెప్తే ఆయన ఇక్కడికి, రెండు వేల తొమ్మిదికి రావాలి, వచ్చి లూకా చావుబతుకుల్లో ఉన్నాడని ఇప్పుడే కొత్తగా విని, తనకి మతి పోతోందని ఇప్పుడే కొత్తగా తెలుసుకుని, అప్పుడు సంతకం పెట్టాలి, అప్పటికి చెయ్యి వణుకుతుంది. చెప్పకపోతే? అబద్ధం. కాని డబ్బు లూకాకే కదా. కట్టాల్సింది లూకాకే, గడువూ ఉంది, ఏం అబద్ధం ఇందులో? ఎంత వెతికినా అబద్ధం ఎక్కడ మొదలవుతుందో దొరకలేదు, నిజం ఎక్కడ అయిపోతుందో అదీ దొరకలేదు.

"ఏవండీ," అంది. గొంతు మామూలుగానే వచ్చింది, అదే ఆశ్చర్యం. "లోన్ కాగితాలు అవడానికి వారం పడతాదటండీ. ఫీజుకి ఈవేళే ఆఖరి రోజు."

"వారమా?" సైలస్ ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు, నుదురు ముడిపడింది, లాభం నష్టం రెండూ చూసుకున్నాడు. "వారమైతే సీటు పోతాది."

"పోతాది."

"పోనీ, ఇరగ్గొట్టీ. పిల్లోడి సదువు ఆగకూడదు." మన్మథరావు వైపు చెయ్యి చాపాడు. "ఎక్కడెట్టాలి బాబూ?"

మన్మథరావు చూపించాడు.  సైలస్ కలం పట్టుకుని ఒక్కసారి గాలిలో చెయ్యి తిప్పి, ఆపకుండా, పెద్ద ఎస్ అక్షరం, దాని తోక కిందికి లాగి మొత్తం పేరు కింద గీత, చివర రెండు చుక్కలు, రెండు చోట్ల రెండూ అచ్చు గుద్దినట్టు. మన్మథరావు కార్డు పక్కన పెట్టి చూసి తలూపాడు. కాగితం తనవైపు జరిపాడు. తనూ పెట్టింది. మన్మథరావు అదీ చూశాడు, కార్డు చూశాడు, మళ్లీ కాగితం చూశాడు, చాలా మెల్లగా అన్నాడు, "మీది కొంచెం తేడాగా వచ్చిందమ్మా. నిమ్మళంగా ఇంకోసారి పెట్టండి."

మూడోసారికి కుదిరింది.

మధ్యాహ్నం మూడింటికి డీడీ తీసుకోవచ్చన్నారు. బయటికొచ్చి మెట్ల మీద ఎండలో నిలబడి సెల్‌ఫోను తీసింది, సుహాసిని ఎత్తి, ఆఁ వొదినా, ఇదిగో ఇత్తన్నాను అని లూకాకి ఇచ్చింది. వెనకాల మిషను సన్నగా తిరుగుతున్న చప్పుడు.

"అప్పా. అయినాదా?" అక్కని అప్పా అనే పిలుస్తాడు వాడు, చిన్నప్పట్నుంచీ.

"అయిందిరా. సోమవారం నేనే తెస్తాను."

"ఎంతకి పోనాది?"

"అరవై ఆరు డెబ్బై."

 "బావకి మనసు కట్టపడుంటాది. నాకోసం ఇంత నట్టం. కోప్పడినాడా?"

ఇప్పుడు లేదు అనాలి. లేదురా, సంతోషంగా పెట్టారు అనాలి, అది నిజం కూడా. నోరు తెరిస్తే ఇంకో మాట వచ్చింది. "మీ బావకి బాగోలేదురా లూకా."

"ఏటి, జొరమా?"

"జ్వరం కాదు. మరిచిపోతున్నారు. నవంబరు నుంచి. నేనెవరికీ చెప్పలేదు." ఒకసారి మొదలయ్యాక ఆగలేదు, మెట్ల మీద జనం పక్కనుంచి దిగిపోతుంటే గోడవైపు తిరిగి అన్నీ చెప్పింది, నోటుపుస్తకం, చర్చి, బస్సు పాసు, ఇప్పుడు ఆఫీసరు ముందు అన్నది, తను అన్నది. "నువ్వు పాలిటెక్నిక్‌లో చేరుతున్నావనుకుంటున్నార్రా. ఆ ఫీజుకే సంతకం పెట్టారు. నేను పెట్టించాను. తప్పో ఒప్పో నాకు తెలీడం లేదు."

"ఎవరు లీనా?" సైలస్ ఆటోల వైపు నుంచి వెనక్కి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"లూకా."

"ఫీజు కట్టీసినాడా?"

"కడతాడు."

"రసీదు జాగర్తగా దాసుకోమను," అన్నాడు. "పారేత్తాడు వాడు."

మగ్దలీన ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది. "రసీదు జాగ్రత్తగా దాచుకోమంటున్నారు మీ బావ."

అవతల మిషను సన్నగా తిరుగుతోంది. 

"దాసుకుంటానని సెప్పప్పా," అన్నాడు లూకా. "బావకి సెప్పు."